ఇంటి ప్లాన్‌ని ఫెంగ్‌షుయ్ కళ్లతో చదవడం: గడప దగ్గర మొదలుపెట్టి మంచం దాకా

ఫెంగ్‌షుయ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి గాలి గంటలు, నవ్వే బుద్ధుడి బొమ్మ, ఎర్ర దారం కట్టిన నాణేలు. ఇల్లు ఎలా ఉందో చూడకుండా వాటిని తెచ్చి ఏదో ఒక మూలన పెట్టేస్తారు. ఈ విద్య మీద ప్రేమ ఉన్నవాడిగా నన్ను బాధపెట్టేది ఇదే. బొమ్మల అవసరం వస్తే చివర్లో వస్తుంది, చాలా ఇళ్లలో రానే రాదు. అసలు పనంతా ప్లాన్ మీదే ఉంది. తలుపు ఎటు తెరుచుకుంటోంది, లోపలికొచ్చిన మనిషి అడుగులు ఎటు పడుతున్నాయి, మంచం మీద పడుకుంటే ఎదురుగా ఏం కనిపిస్తోంది, పొయ్యి పక్కన ఏముంది అనేవి ముందు చూడాలి. కాగితం, పెన్సిల్, స్కేలు, దిక్సూచి ఉంటే ఎవరి ఇంటికి వాళ్లే ఈ పని చేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. ఇది చైనా విద్య. చైనా భాషలో ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. గువో పు (276–324) అనే చైనా పండితుడు రాశాడని చెప్పే 'సమాధుల గ్రంథం'లో ఈ పేరుకి మూలం ఉంది. 'చి' అనే ప్రాణశక్తి గాలి తగిలితే చెదిరిపోతుందని, నీటి అంచున ఆగుతుందని ఆ గ్రంథం చెబుతుంది. గాలి నుంచి కాపాడాలి, నీటి దగ్గర నిలపాలి. ప్లాన్ విషయంలో తర్వాతివాళ్లు చెప్పిన నియమాల్లో చాలావరకు ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే. చి ఇంట్లోకి రావాలి, నెమ్మదిగా తిరగాలి, దూసుకుపోకూడదు, మురిగిపోకూడదు. చి అనేది ఉందని సైన్సు రుజువు చేయలేదు. మంచం జరిపితే డబ్బొస్తుందనో, జబ్బు తగ్గుతుందనో నేను చెప్పను. వెలుతురు, గాలి, నడక, నిద్ర, భద్రత అనే ఐదింటినీ ఒకే చూపుతో పరిశీలించడం నేర్పే పాత పద్ధతి ఇది. ఆ మేరకు దీని మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

మొదటి మెట్టు: కొలతలతో ప్లాన్ గీయండి

కట్టినప్పటి ప్లాన్ ఉన్నా సరే, మళ్లీ టేపు పట్టుకుని కొలవండి. కట్టాక గోడలు మారతాయి, తలుపులు మారతాయి, బాల్కనీలు గదులవుతాయి. ఒక మీటరుకి 2 సెంటీమీటర్లు, అంటే 1:50 స్కేలు, ఇంటికి సరిపోతుంది. గోడలు, తలుపులు, తలుపు రెక్క ఎటు తిరుగుతుందో చూపించే వంపు గీతలు, కిటికీలు, స్తంభాలు, కప్పులోని దూలాలు, మెట్లు, పొయ్యి, సింక్, టాయిలెట్ కమోడ్ అన్నీ గుర్తించండి. దూలాలు మర్చిపోతారు. వాటిని చుక్కల గీతతో వేయండి, మంచం దగ్గరికి వచ్చాక పనికొస్తాయి.

గ్యారేజీ, తెరిచి ఉన్న బాల్కనీ, కప్పు లేని వరండా ఇంటి హద్దులోకి రావు. గోడలూ కప్పూ ఉండి, లోపలి నుంచి వాడుకునే చోటే లెక్క. పై అంతస్తు ఉంటే దానికి వేరే కాగితం. ప్లాన్ మీద నేరుగా రాయకండి. ట్రేసింగ్ పేపరు వేసి దాని మీద పని చేయండి, తప్పయితే ఆ ఒక్క పొర తీసేస్తే చాలు.

చెప్పేది గాల్లో ఉండకూడదు కాబట్టి ఒక ఇంటిని పట్టుకుందాం. ముందు నుంచి వెనక్కి 12 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. ముఖం దక్షిణానికి. నైరుతి మూలలో వెడల్పున 3, లోతున 4 మీటర్ల కోత ఉంది, అక్కడ కారు పెడతారు. ముందు హాలు, ఇంటి వెడల్పుకి మధ్యలో వెనక్కి 1.6 మీటర్ల నడవ. నడవకి పడమట టాయిలెట్, దాని వెనక వంటిల్లు. తూర్పున ఒక పడకగది, ఈశాన్యంలో ఇంకోటి. ముందు తలుపు, నడవ, వెనక తలుపు మూడూ ఒకే గీత మీద ఉన్నాయి.

రెండో మెట్టు: నడిచే దారి గీయండి

చాలామంది ఇక్కడే దిక్సూచి తీస్తారు. ఇంకా తీయకండి.

మెత్తటి పెన్సిల్ తీసుకుని ముఖద్వారం దగ్గర మొన ఆనించండి. మీరు రోజూ ఇంట్లోకి వచ్చినప్పుడు ఎలా నడుస్తారో అలాగే గీయండి. చెప్పులు విడిచేచోట ఆగండి, సంచి పెట్టేచోట ఆగండి, వంటింట్లోకి వెళ్లండి. తర్వాత ఇంట్లో మిగతావాళ్ల దారి కూడా అదే కాగితం మీద గీయండి. ఐదు నిమిషాల్లో ఇల్లు మీతో మాట్లాడటం మొదలుపెడుతుంది. కొన్ని చోట్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా అయిపోతాయి. కొన్ని మూలలకి ఒక్క గీత కూడా వెళ్లదు. గీత ఎక్కడ సోఫా అంచు చుట్టూ వంకర తిరిగిందో అక్కడ మీరు రోజూ మోకాలు తగిలించుకుంటున్నారు.

నల్లబడినచోట చి పరుగెడుతోందని, గీత వెళ్లనిచోట మురిగిందని ఫెంగ్‌షుయ్ అంటుంది. ఆ ఖాళీ మూలకి వెళ్లి చూడండి. విరిగిన కుర్చీ, విప్పని అట్టపెట్టెలు, రెండేళ్లుగా తెరవని సూట్‌కేసు అక్కడే ఉంటాయి. వాటిని తీసేయడంతోనే మొదటి సవరణ అయిపోతుంది.

ఇప్పుడు స్కేలు తీసుకుని ముఖద్వారం నడుమ నుంచి నిటారుగా లోపలికి గీత లాగండి. ఏ గోడా అడ్డురాకుండా అది వెనక తలుపుకో, పెద్ద కిటికీకో తగిలితే లోపలికొచ్చిన చి వచ్చినట్టే బయటికి పోతుంది. మన ఇంట్లో ఈ గీత 12 మీటర్లు ఎక్కడా ఆగకుండా పోయింది. తలుపు తీసిన మనిషి కన్ను కూడా నేరుగా వెనక తలుపు మీదే పడుతుంది. ఇల్లు దాటిపోయే దారిలా అనిపిస్తుందే కానీ నిలబడే చోటులా అనిపించదు.

పాత బీజింగ్‌లో ముంగిలి చుట్టూ గదులు కట్టిన సిహెయువాన్ ఇళ్లలో దీనికి జవాబు ఉంది. ప్రధాన గదులు ఉత్తరాన ఉండి దక్షిణం వైపు చూస్తాయి. గేటు మాత్రం నడుమన కాకుండా ఆగ్నేయ మూలలో ఉంటుంది. గేటు దాటగానే ఎదురుగా ఒక అడ్డుగోడ, దాన్ని ఇంగ్‌బీ అంటారు. లోపలికి వెళ్లాలంటే పక్కకి తిరగాల్సిందే. ఆ ఒక్క మలుపు నడకని నెమ్మదిస్తుంది, బయటివాళ్ల చూపునీ ఆపుతుంది. మీ ఇంట్లో గోడ కట్టక్కర్లేదు. తలుపుకి రెండు మూడు మీటర్ల లోపల నడుము ఎత్తు పుస్తకాల అర, పెద్ద కుండీ, చెక్క జాలీ తెర ఏది పెట్టినా పని జరుగుతుంది. పక్కన కనీసం ఒక మీటరు దారి వదలండి. నిప్పంటుకుంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తేది ఆ దారినే. బయటపడే దారిని మూసే ఏ సవరణనీ ఒప్పుకోకండి, ఎవరు చెప్పినా సరే.

మూడో మెట్టు: ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి

ముఖద్వారంలో నిలబడి బయటికి చూడండి. వెనక నల్ల తాబేలు, ముందు ఎర్ర పక్షి, ఎడమ చేతికి పచ్చ డ్రాగన్, కుడి చేతికి తెల్ల పులి ఉంటాయని, చుట్టూ ఉన్న నేల ఆకారాన్ని చూసే పాత రూపశాఖ చెబుతుంది. మామూలు మాటల్లో అయితే వెనక ఆసరా, ముందు ఖాళీ, రెండు పక్కలా కుర్చీ చేతుల్లాంటి రక్షణ. బీజింగ్ రాజప్రాసాదానికి ఉత్తరాన జింగ్‌షాన్ గుట్ట ఉంది. మింగ్ రాజుల కాలంలో కందకం తవ్విన మట్టితో పోసిన గుట్ట అది. తాబేలు లేనిచోట తాబేలుని కట్టుకున్నారన్నమాట. ఇంటి స్థాయిలో వెనక గోడ, చెట్ల వరస, కాస్త ఎత్తయిన పక్క కట్టడం ఏదైనా ఆ పని చేస్తుంది.

ఎదురుగా వచ్చే రోడ్డు నేరుగా తలుపుని గురిపెట్టిందా, పక్క కట్టడం మూల కత్తిలా మీ తలుపు వైపు తిరిగిందా అన్నది కూడా చూసుకోండి. ఉంటే నడుమ మొక్కలు పెంచండి. బయట ఇంతకంటే చేయగలిగింది తక్కువ, లోపలికి వెళ్దాం.

నాలుగో మెట్టు: ఆకారం, లేని మూల, నడిబొడ్డు

చతురస్రం, దీర్ఘచతురస్రం ఫెంగ్‌షుయ్‌కి ఇష్టమైన ఆకారాలు. ఇల్లు ఎల్ ఆకారంలోనో, యు ఆకారంలోనో ఉంటే ఏ మూల లేదో తేల్చాలి. దానికి వాడుకలో ఉన్న లెక్క ఇది: కోత ఆ వైపు పొడవులో సగానికి తక్కువైతే అది లేని మూల. సగానికి మించితే కోతని కోత అనుకోకుండా, మిగిలిన చిన్న భాగాన్ని పెరిగిన భాగంగా లెక్కపెడతారు. మన ఇంట్లో 9 మీటర్లలో 3, 12 మీటర్లలో 4, రెండూ మూడో వంతే. కాబట్టి నైరుతి మూల లేనట్టే.

తర్వాత ఇంటి నడిబొడ్డు కనుక్కోవాలి. దిక్కులన్నీ విడిపోయేది అక్కడి నుంచే కాబట్టి తొందరపడొద్దు. ఇల్లు నిండు దీర్ఘచతురస్రమైతే రెండు కర్ణాలు కలిసేచోటే నడిబొడ్డు. కోత ఉంటే నేను చేసేది చెబుతాను, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ప్లాన్‌ని ఒక మందపాటి అట్టకి అంటించి, గోడల బయటి అంచు వెంట కత్తిరించండి. ఒక మూల దగ్గర గుండుసూది గుచ్చి, అట్ట తేలిగ్గా ఊగేలా గోడకి పట్టుకోండి. అదే సూదికి దారం కట్టి, కొసన బరువుకి ఒక తాళంచెవి వేలాడదీయండి. అట్ట ఊగి ఊగి ఆగుతుంది, దారం దాని మీద నిటారుగా నిలుస్తుంది. దారం వెంట గీత గీయండి. సూదిని ఇంకో మూలకి మార్చి మళ్లీ అదే చేయండి. రెండు గీతలు కలిసేచోటే ఇంటి నడిబొడ్డు. నమ్మకం కుదరకపోతే మూడో మూల నుంచి చూడండి, మూడో గీత కూడా అక్కడికే వస్తుంది. అక్కడ పెన్సిల్ మొన మీద అట్టని నిలబెడితే పడకుండా నిలుస్తుంది.

మన ఇంటికి కాగితం మీద లెక్కేస్తే, నిండు దీర్ఘచతురస్రానికి ఉండాల్సిన నడిబొడ్డు కంటే ఇది 37.5 సెంటీమీటర్లు తూర్పుకి, 50 సెంటీమీటర్లు ఉత్తరానికి జరిగింది. అర మీటరే కదా అనిపించొచ్చు. దిక్కుల గీతలు ఇక్కడి నుంచే విచ్చుకుంటాయి కాబట్టి గది మూలకి వెళ్లేసరికి పొయ్యి ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కులోకి మారడానికి ఆ అర మీటరు చాలు. చిన్న కోతలుంటే దీర్ఘచతురస్రంగా పూరించుకుని కర్ణాలే గీసేవాళ్లూ ఉన్నారు. ఏ పద్ధతి వాడినా ఇల్లంతటికీ అదే వాడండి.

నడిబొడ్డులో ఏముందో చూడండి. తెరుచుకుని, వెలుతురుతో, నడవడానికి వీలుగా ఉంటే మంచిది. సిహెయువాన్‌లో అక్కడ ముంగిలి ఉంటుంది. టాయిలెట్, మెట్లు, సామాన్ల గది అక్కడ ఉండకూడదంటారు. మన ఇంట్లో నడవ వచ్చింది. చోటు బాగుంది కానీ పరుగెత్తే గీత మీదే పడింది, ముందు పెట్టిన తెర దీనికీ మేలు చేస్తుంది.

ఐదో మెట్టు: ఇప్పుడు దిక్సూచి

ఒకసారి నేను ఉక్కు చట్రం ఉన్న తలుపుకి ఆనుకుని నిలబడి దిక్కు చూశాను. ఆ అంకెతో ప్లాన్ అంతా గీసి, రెండు గదులు సర్దాక, ఎందుకో అనుమానం వచ్చి ఆరడుగులు బయటికి నడిచి మళ్లీ చూశాను. ముల్లు 14 డిగ్రీలు పక్కకి తిరిగింది. మొత్తం పని మళ్లీ చేశాను. అందుకే చెబుతున్నాను: తలుపుకి, కారుకి, గేటుకి, గోడలోని ఇనుప చువ్వలకి దూరంగా నిలబడండి. ముఖద్వారం గోడకి లంబంగా బయటికి తిరిగి, దిక్సూచిని బొడ్డు ఎత్తులో సమంగా పట్టుకోండి. మూడు వేర్వేరు దూరాల నుంచి చూడండి. మూడు అంకెలూ రెండు మూడు డిగ్రీల లోపు కలిస్తేనే నమ్మండి.

ఫోన్ దిక్సూచి వాడితే ముందు దాని సెట్టింగ్ చూడండి. అది భౌగోళిక ఉత్తరం చూపిస్తోందా, అయస్కాంత ఉత్తరమా అన్నది తేల్చుకోండి. లోపాన్ అనే చైనా దిక్సూచితో ఇంటి దిక్కు చూసేటప్పుడు అయస్కాంత సూదినే నమ్ముతారు, మీరూ అదే వాడండి. లోపాన్ మీద చుట్టూ 24 'పర్వతాలు' ఉంటాయి, ఒక్కోటి 15 డిగ్రీలు. మూడేసి కలిపితే ఒక దిక్కు, అంటే 45 డిగ్రీలు. ఉత్తరం 337.5 నుంచి 22.5 దాకా, ఈశాన్యం 22.5 నుంచి 67.5 దాకా, అలా చుట్టూ తిరిగి రండి. మీ అంకె సరిగ్గా రెండు దిక్కుల మధ్య హద్దు మీద పడితే, ఉదాహరణకి 157 వస్తే, ఇంకో రోజు మళ్లీ కొలవండి. అలాంటి హద్దు గీతల్ని దిక్సూచి శాఖ శూన్యరేఖలని పిలుస్తుంది, అక్కడ ఇల్లు ఏ దిక్కుదో తేలదు.

ఇంటి ముఖం అంటే తలుపున్న వైపే కానక్కర్లేదు. వెలుతురు, సందడి, పెద్ద కిటికీలు, రోడ్డు ఎటుంటే అది ముఖం. అపార్ట్‌మెంట్లలో ఇది పెద్ద వాదన. కొందరు భవనం ముఖాన్నే ప్రతి ఫ్లాటుకీ వాడతారు, కొందరు ఫ్లాటుది వేరుగా చూస్తారు. నేను భవనం ముఖంతో మొదలుపెడతాను. ఫ్లాటుకి వెలుతురంతా పూర్తిగా వేరే వైపు నుంచి వస్తుంటేనే దాన్ని మారుస్తాను.

మన ఇంటికి 184 వచ్చింది. అంటే ముఖం దక్షిణం, వీపు ఉత్తరం. ట్రేసింగ్ పేపరు మీద నడిబొడ్డు నుంచి ఉత్తరం గీత వేసి, కోణమానినితో 22.5 దగ్గర మొదలుపెట్టి 45 డిగ్రీలకొకటి చొప్పున ఎనిమిది గీతలు లాగండి. ఇల్లు ఎనిమిది ముక్కలవుతుంది.

ఆరో మెట్టు: ఎనిమిది దిక్కులు, ఐదు మూలకాలు

ఒక్కో ముక్కకి బాగ్వా అనే ఎనిమిది గుర్తుల పటంలో ఒక పేరు, ఒక మూలకం ఉంటాయి. ఉత్తరం కాన్, నీరు. ఈశాన్యం గెన్, భూమి. తూర్పు జెన్, కలప. ఆగ్నేయం శున్, అదీ కలపే. దక్షిణం లీ, అగ్ని. నైరుతి కున్, భూమి. పడమర దుయ్, లోహం. వాయవ్యం చియెన్, అదీ లోహమే. నడిబొడ్డు భూమి. వీటికి అంకెలు కూడా ఉన్నాయి. చైనా పటాల్లోలాగా దక్షిణం పైన పెట్టి రాస్తే పై వరసలో 4, 9, 2, మధ్యలో 3, 5, 7, కింద 8, 1, 6 వస్తాయి. ఎటు కూడినా 15. లోషు చతురస్రం అంటే ఇదే. వాస్తు తెలిసినవాళ్లకి ఒక జాగ్రత్త: ఇక్కడ అగ్ని దక్షిణంలో ఉంటుంది, ఆ లెక్కనీ ఈ లెక్కనీ ఒకే ప్లాన్ మీద కలపకండి.

దిక్సూచి అక్కర్లేని ఇంకో పద్ధతి కూడా వాడుకలో ఉంది. లిన్ యున్ అనే గురువు అమెరికాలో ప్రచారం చేసిన బ్లాక్ హ్యాట్ శాఖది. అందులో తొమ్మిది గళ్ల చట్రాన్ని ముఖద్వారం ఉన్న గోడకి ఆనిస్తారు. ద్వారం ఏ దిక్కున ఉన్నా సరే, లోపలికి చూస్తుంటే ఎడమ చేతి దూరపు మూల సంపద, కుడి చేతి దూరపు మూల దాంపత్యం. పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే 'సంపద మూల' ఎక్కువగా ఇదే. నాకు దిక్సూచి పద్ధతి నచ్చుతుంది, ఎండా గాలీ దిక్కుని బట్టే వస్తాయి కాబట్టి. మీకు రెండోది నచ్చితే అదే వాడండి. రెండూ కలిపితే ఒకే గది ఒక లెక్కలో నీరు, ఇంకో లెక్కలో అగ్ని అవుతుంది, ఎటూ తేలదు.

మూలకాల సంబంధం రెండు చక్రాల్లో ఉంటుంది. పుట్టించే చక్రంలో కలప అగ్నిని, అగ్ని భూమిని, భూమి లోహాన్ని, లోహం నీటిని, నీరు కలపని పోషిస్తాయి. అదుపు చేసే చక్రంలో కలప భూమిని, భూమి నీటిని, నీరు అగ్నిని, అగ్ని లోహాన్ని, లోహం కలపని అణుస్తాయి. రెండు మూలకాలు పోట్లాడుకుంటే వాటి నడుమ వచ్చే మూలకాన్ని తెచ్చి పెట్టడమే వైద్యం. నీటికీ అగ్నికీ మధ్య కలప, అగ్నికీ లోహానికీ మధ్య భూమి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే రంగులు, వస్తువుల పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు.

మన ఇంట్లో వంటిల్లు చాలావరకు వాయవ్యంలో పడింది. లోహపు దిక్కులో పొయ్యి, అంటే లోహాన్ని కరిగించే అగ్ని. వాయవ్యం 'ఆకాశం' గుర్తు కాబట్టి దీన్ని 'స్వర్గద్వారాన్ని కాల్చడం' అని పాతవాళ్లు ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ వద్దన్నారు. పొయ్యిని జరపగలిగితే వంటింట్లోనే పడమటి కొసకి తేవచ్చు. అదీ లోహపు దిక్కే అయినా స్వర్గద్వారం తప్పుతుంది. గ్యాసు పైపు, చిమ్నీ కదలకపోతే భూమిని తెచ్చుకోవాలి: పొయ్యి వెనక ఇటుక రంగు టైల్సు, మట్టి పాత్రలు, రాతి గట్టు.

లేని నైరుతి కున్‌ది. కున్ అంటే తల్లి, దాంపత్యం, నేల. కారు పెట్టే ఆ చోట ఇంటి మూల ఎక్కడ రావాలో అక్కడ ఒక దీపస్తంభమో, రాయో, బరువైన మట్టి కుండీయో నిలిపి ఆకారాన్ని పూర్తి చేస్తారు. లోపలి గోడకి అద్దం పెట్టి చోటు పెంచినట్టు చూపించడం బ్లాక్ హ్యాట్ పద్ధతి. దీపం వైపే నేను మొగ్గుతాను, రాత్రి కారు దిగేవాళ్లకి వెలుతురైనా ఉంటుంది.

ఏడో మెట్టు: గదులు

పడకగదికే ఎక్కువ సమయం ఇవ్వండి. రోజులో మూడో వంతు అక్కడే గడుస్తుంది, పైగా మంచం జరపడానికి గోడలు పగలగొట్టక్కర్లేదు. నియమం ఒక్కటే: పడుకున్నచోటి నుంచి తలుపు కనిపించాలి, కానీ మంచం తలుపుకి సూటిగా ఉండకూడదు. దీన్ని అధికార స్థానం అంటారు. కాళ్లు నేరుగా తలుపు వైపు పెట్టి పడుకుంటే శవాన్ని బయటికి తీసుకెళ్లే తీరు అని చైనాలో వద్దంటారు. తల వైపు కిటికీ కాకుండా నిండు గోడ ఉండాలి. ఆ గోడకి అవతల టాయిలెట్ ఉంటే మంచాన్ని వేరే గోడకి మార్చండి, అర్ధరాత్రి పైపుల్లో నీళ్ల చప్పుడు సరిగ్గా చెవి దగ్గరే వినిపిస్తుంది. మొదట్లో చుక్కల గీతతో వేసిన దూలాలు ఇప్పుడు చూడండి. దూలం మంచానికి అడ్డంగా ఛాతీ మీదుగా పోతుంటే మంచం జరపండి, లేదా కిందుగా సీలింగ్ వేసి దాన్ని కప్పేయండి.

మన తూర్పు గది 3.4 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల పొడవు. తలుపు పడమటి గోడలో దక్షిణపు కొసన ఉంది. మంచం తల వైపు తూర్పు గోడకి ఆనించి, ఉత్తరం వైపుకి జరిపితే పడుకున్న మనిషికి తలుపు ఏటవాలుగా కనిపిస్తుంది. కాళ్లు పడమటికే ఉన్నా తలుపు వాటికి ఎదురుగా రాదు. 1:50 స్కేలులో మంచం ముక్కని కాగితంతో కత్తిరించి ప్లాన్ మీద జరిపి చూడండి. రెండు పక్కలా దిగడానికి కనీసం 50 సెంటీమీటర్లు మిగలకపోతే ఆ చోటు పనికిరాదు. గది చిన్నదై ఏ గోడా కుదరకపోతే, మంచం మీది నుంచి తలుపు కనిపించేలా ఎదుటి గోడకి చిన్న అద్దం పెడతారు. పడుకున్నప్పుడు మీరే అందులో కనిపించకుండా దాని ఎత్తు చూసుకోండి.

రాత బల్లకీ, పొయ్యికీ ఇదే సూత్రం. బల్ల ముందు కూర్చున్నప్పుడు వీపు వెనక గోడ, చూపులో తలుపు. పొయ్యి దగ్గర నిలబడితే వెనక నుంచి ఎవరొచ్చినా తెలియాలి. వేడి నూనె పక్కన ఉలిక్కిపడటం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పొయ్యి, సింక్ పక్కపక్కనే ఉంటే అగ్నీ నీరూ కొట్లాట, నడుమ చెక్క కోత పలకో, మొక్కో పెట్టండి. రెండింటికీ మధ్య అర మీటరు గట్టు ఉంటే వంటకీ సుఖం.

టాయిలెట్ తలుపు పడకగది తలుపుకి ఎదురుగా ఉండటం మన ఇంట్లో ఉన్న ఇంకో చిక్కు. కమోడ్ మూత దించండి, తలుపు దానంతటదే మూసుకునే స్ప్రింగ్ పెట్టండి, గాలి బయటికి లాగే ఫ్యాన్ బాగు చేయించండి. దీనికి ఇంతకంటే మందు అక్కర్లేదు. మెట్లు ముఖద్వారానికి ఎదురుగా దిగుతుంటే నడుమ చిన్న తివాచీ, పక్కన దీపం, అంతే.

ఎనిమిదో మెట్టు: మనిషి అంకె, కావాలంటేనే

ఎనిమిది మందిరాల పద్ధతిలో ఒక్కో మనిషికి క్వా అంకె ఉంటుంది. పుట్టిన సంవత్సరం చివరి రెండంకెల్ని ఒక్క అంకె అయ్యేదాకా కూడండి. 1999 దాకా పుట్టిన మగవాళ్లు దాన్ని 10 లోంచి తీసేయాలి, ఆడవాళ్లు దానికి 5 కలపాలి. 2000 నుంచి పుట్టినవాళ్లలో మగవాళ్లు 9 లోంచి తీసేయాలి, ఆడవాళ్లు 6 కలపాలి. రెండంకెలొస్తే మళ్లీ కూడండి, 0 వస్తే 9. మొత్తం 5 అయితే మగవాళ్లకి 2, ఆడవాళ్లకి 8. ఇక్కడ సంవత్సరం ఫిబ్రవరి 4 ప్రాంతంలో మొదలవుతుంది, జనవరిలో పుట్టినవాళ్లు ముందు ఏడాది వేసుకోవాలి.

1984 మార్చిలో పుట్టిన మగమనిషికి 8+4 అంటే 12, 1+2 అంటే 3, 10–3 అంటే 7. అదే నెలలో పుట్టిన ఆడమనిషికి 5+3 అంటే 8. 1, 3, 4, 9 తూర్పు వర్గం, వాళ్లకి ఉత్తరం, దక్షిణం, తూర్పు, ఆగ్నేయం మంచివి. 2, 6, 7, 8 పడమటి వర్గం, వాళ్లకి పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం. మంచానికి రెండు మంచి చోట్లు దొరికి ఏది ఎంచుకోవాలో తేలనప్పుడు ఈ అంకె చూడండి. అధికార స్థానం వదిలేసి, కిటికీ కింద తల పెట్టుకుని, 'నా మంచి దిక్కు ఇదే' అని సర్దిచెప్పుకోకండి. భార్యాభర్తలు చెరో వర్గం అయితే గది ఆకారం చెప్పిందే మాట.

ఎగిరే నక్షత్రాల పద్ధతి ఇంకా లోతు. అది కాలాన్ని 20 ఏళ్ల చొప్పున తొమ్మిది యుగాలుగా విడగొడుతుంది, 2024లో తొమ్మిదో యుగం మొదలైంది. ఇల్లు కట్టిన ఏడాది, ముఖం డిగ్రీ రెండూ కచ్చితంగా తెలిస్తేనే దాని జోలికి వెళ్లండి. ఇప్పటిదాకా చెప్పిన మెట్లన్నీ ఎక్కాక నేర్చుకునేది అది.

మార్పులు ఏ వరసలో చేయాలి

ముందు తీసేసేవి: పాత సామాను, దారికి అడ్డు, తలుపు పూర్తిగా తెరుచుకోకుండా వెనక వేలాడే బట్టలు. తర్వాత జరిపేవి: మంచం, బల్ల, తెర. తర్వాత బాగు చేసేవి: కారే కుళాయి, కిర్రుమనే తలుపు, మాడిపోయిన బల్బు. రంగులు, మొక్కలు, దీపాలు ఆ తర్వాత. గోడ తీయడం, తలుపు మార్చడం అన్నిటికంటే చివర, అదీ స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి ఆ గోడ బరువు మోయడం లేదని చెప్పాకే.

ఒకేసారి అన్నీ చేయకండి. ఒక గది మార్చి మూడు వారాలు ఉండండి. నిద్ర ఎలా పడుతోంది, ఇంట్లోవాళ్లు ఆ గదిలో ఎక్కువసేపు కూర్చుంటున్నారా, అన్నం తిన్నాక ఎటు వెళ్తున్నారు అన్నది గమనించండి. తర్వాత కొత్త ట్రేసింగ్ పేపరు వేసి నడిచే దారి మళ్లీ గీసి, పాత కాగితం మీద పెట్టి కిటికీ వెలుతురులో చూడండి. ఇంకా నల్లగానే ఉన్న చోటు ఏదో అక్కడ మళ్లీ పని చేయాలి. రెండు కాగితాల మీదా తేదీ వేసి ప్లాన్‌తో పాటు దాచండి.